ఆగస్టులోపు మీ అబ్బాయికి అప్పగించాల్సిన పనులు

ప్రశ్న: మేము పదిహేనేళ్లుగా అమెరికాలో ఉంటున్నాం. మా అబ్బాయి ఈ ఆగస్టులో కాలేజీలో చేరుతున్నాడు. ఇంటి నుంచి కారులో ఆరు గంటల దూరం. మొదటి ఏడాది డార్మ్‌లోనే, అంటే కాలేజీ హాస్టల్లోనే, ఉండాలన్నది అక్కడి నియమం. జూలైలో రెండు రోజుల ఓరియెంటేషన్ ఉంది, తల్లిదండ్రులకు వేరే కార్యక్రమం అన్నారు. మేమూ వెళ్లాలా? కొనాల్సిన సామాను జాబితా ఇప్పటికే 84 వస్తువులకు చేరింది. వాడి పోర్టల్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది, ఫారాలన్నీ నేనే నింపుతున్నాను. ఏదైనా అడిగితే "నువ్వే చూడమ్మా" అంటాడు. రూమ్మేట్ ఎవరో ముక్కూ మొహం తెలియని అబ్బాయి. మావాడు శాకాహారి, నలుగురిలో తొందరగా కలవడు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేస్తే వాడు అక్కడ సర్దుకుంటాడు?

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే చోట ఆగిపోయాను. అది రూమ్మేట్ దగ్గరా కాదు, 84 వస్తువుల దగ్గరా కాదు. "పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది, ఫారాలన్నీ నేనే నింపుతున్నాను" అన్న చోట. ఎందుకంటే మా పెద్దమ్మాయి విషయంలో నేనూ అచ్చం అదే చేశాను.

హౌసింగ్ ఫారం, టీకాల కాగితాలు, మీల్ ప్లాన్, ఫీజు అన్నీ నేనే చూసుకున్నాను. పిల్ల పరీక్షల ఒత్తిడిలో ఉంది కదా, ఈ చిల్లర పనులు దానికెందుకు అనుకున్నాను. కాలేజీకి వెళ్లిన ఆరో వారంలో దానికి జ్వరం వచ్చింది. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అమ్మా, ఇక్కడ డాక్టర్ దగ్గరికి ఎలా వెళ్లాలి?" అని అడిగింది. ఇన్సూరెన్స్ కార్డు ఎక్కడుందో తెలియదు. జ్వరం ఎంతుందో చూసుకోవడానికి థర్మామీటర్ లేదు. తెల్లారగానే నేను క్యాంపస్ క్లినిక్‌కి ఫోన్ చేస్తే, అపాయింట్‌మెంట్ విద్యార్థే అడగాలి, మీతో ఏమీ మాట్లాడలేం అన్నారు. ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. కోపం చల్లారాక ఒకటి అర్థమైంది. కాల్‌క్యులస్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల, పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా తనంతట తాను డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేయలేదు. చేసే అవసరం నేనే రానివ్వలేదు.

అందుకే నా సలహా మొత్తం ఒకే దిక్కుకి వెళ్తుంది. ఈ వేసవిలో మీరు సామాను సర్దడం కన్నా, మీ చేతిలో ఉన్న పనులు ఒక్కొక్కటిగా వాడి చేతికి మార్చడం ముఖ్యం. ఈరోజే మొదలుపెట్టండి. ముందు ఆ పాస్‌వర్డ్ మార్చుకోమని చెప్పండి. కొత్తది మీకు చెప్పక్కర్లేదు.

ఇది చట్టం వైపు నుంచి కూడా అవసరమే. ఫెర్పా అని 1974లో వచ్చిన ఫెడరల్ చట్టం ఉంది. బడిలో ఉన్నంతకాలం పిల్లల చదువు రికార్డుల మీద హక్కు తల్లిదండ్రులది. పిల్లవాడికి పద్దెనిమిదేళ్లు నిండినా, అంతకంటే ముందే కాలేజీలో చేరినా ఆ హక్కు వాడిదైపోతుంది. అంటే పదిహేడేళ్లకే కాలేజీకి వెళ్లినా సరే, మార్కులు, హాజరు, క్రమశిక్షణ విషయాలు అడిగే హక్కు మనకు ఉండదు. ఫీజు కట్టేది మనమే అయినా అంతే. టాక్సుల్లో వాడిని డిపెండెంట్‌గా చూపిస్తే కాలేజీ మనకు చెప్పవచ్చు, కానీ చెప్పి తీరాలని లేదు. చాలా కాలేజీల్లో విద్యార్థి తన ఇష్టంతో సంతకం చేసి తల్లిదండ్రులకు అనుమతి ఇచ్చే ఫారం ఉంటుంది. ఫీజు బిల్లు చూడడానికి మీకు వేరే లాగిన్ కూడా ఇస్తారు. డబ్బు విషయానికి అది చాలు. మార్కులు చూస్తానని పట్టుబట్టకండి. సెమిస్టర్ చివర వాడే కూర్చుని చూపిస్తాడని ఇప్పుడే ఒక మాట అనుకోండి.

వైద్యం విషయంలో మాత్రం కాస్త గట్టిగా ఉండండి. పద్దెనిమిది దాటిన మనిషి ఆస్పత్రిలో ఉంటే, అతని అనుమతి లేకుండా వివరాలు చెప్పడానికి డాక్టర్లు వెనకాడతారు. స్పృహ లేని పరిస్థితి వస్తే నిర్ణయాలు ఎవరు తీసుకోవాలన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. అందుకని బయలుదేరేలోపు మీ అబ్బాయి రెండు కాగితాల మీద సంతకం చేస్తే మంచిది. ఒకటి, వైద్య సమాచారం మీకు చెప్పడానికి హిపా (వైద్య వివరాల గోప్యత చట్టం) కింద ఇచ్చే అనుమతి పత్రం. రెండు, అవసరమైతే తన తరఫున మీరు నిర్ణయం తీసుకోవడానికి హెల్త్‌కేర్ పవర్ ఆఫ్ అటార్నీ. ఈ ఫారాలు చాలా రాష్ట్రాల్లో ఉచితంగానే దొరుకుతాయి. సాక్షులు కావాలా, నోటరీ కావాలా అన్నది మీ రాష్ట్రం నిబంధనల్లో చూడండి. కాలేజీ వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి ఫారం కూడా నింపితే ఇబ్బంది ఉండదు. ఎందుకు అడుగుతున్నారో వాడికి నెమ్మదిగా చెప్పండి. నా చిన్నమ్మాయి ముందు ముఖం చిట్లించింది. అక్క జ్వరం సంగతి గుర్తు చేస్తే మాట్లాడకుండా సంతకం పెట్టింది.

ఇక ఓరియెంటేషన్. వెళ్లగలిగితే వెళ్లండి. కానీ వాడి వెనకాల నడవడానికి కాదు. ఆ రెండు రోజులూ పిల్లల్ని, తల్లిదండ్రుల్ని కావాలనే వేరుగా ఉంచుతారు. పిల్లలు అడ్వైజర్‌ని కలిసి కోర్సులకు రిజిస్టర్ చేసుకుంటారు, చాలాచోట్ల ఒక రాత్రి డార్మ్‌లోనే పడుకుంటారు, ఐడీ కార్డు తీసుకుంటారు. అడ్వైజింగ్ గదిలోకి మీరు వెళ్లకండి. పక్కన అమ్మ కూర్చుని ఉంటే అడ్వైజర్ ప్రశ్న వాడిని అడుగుతుంది, జవాబు మీరు చెప్తారు, వాడు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. ఇలాంటివి నా కళ్లతో చూశాను.

అక్కడికి వెళ్లేలోపు వాడు చేయాల్సిన పనులు కొన్ని ఉంటాయి. ఏ స్థాయి క్లాసులో చేరాలో తేల్చే గణితం ప్లేస్‌మెంట్ పరీక్ష ఉంటే ముందే రాయాలి. హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు రాసి ఉంటే, ఆ స్కోర్లు కాలేజీకి పంపమని వాటిని నిర్వహించే కాలేజ్ బోర్డుకి చెప్పాలి. టీకాల రికార్డు అప్‌లోడ్ చేయాలి. డార్మ్‌లో ఉండేవాళ్లకు మెనింజైటిస్ టీకా చాలా రాష్ట్రాల్లో తప్పనిసరి. పదహారేళ్లలోపు వేయించి ఊరుకుని ఉంటే బూస్టర్ అడుగుతారు, డాక్టర్‌ని కనుక్కోమనండి. వీటిలో ఏ ఒక్కటి మిగిలిపోయినా అకౌంట్ మీద "హోల్డ్" పెడతారు. హోల్డ్ ఉంటే రిజిస్ట్రేషన్ తెరుచుకోదు. తోటివాళ్లందరూ మంచి టైముల్లో క్లాసులు ఎంచుకుంటుంటే వాడు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఫెడరల్ లోన్ తీసుకుంటుంటే, అప్పు షరతులు వివరించే ఎంట్రెన్స్ కౌన్సెలింగ్, ప్రామిసరీ నోట్ కూడా వాడే పూర్తి చేయాలి. ఆ అప్పు వాడి పేరు మీద ఉంటుంది. ఏం సంతకం చేస్తున్నాడో చదివి మరీ చేయమనండి.

కోర్సుల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువ తప్పు ఇక్కడే జరుగుతుంది. చాలా డిగ్రీలకు 120 క్రెడిట్లు కావాలి. అంటే నాలుగేళ్లలో పూర్తవ్వాలంటే సెమిస్టర్‌కి 15. ఫుల్ టైమ్ విద్యార్థి అనిపించుకోవడానికి 12 చాలు. ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దానికి బయట కనీసం రెండు గంటల చదువు అని లెక్క. అలా 15 క్రెడిట్లంటే వారానికి 45 గంటల పని. మనవాళ్లు ఏపీ క్రెడిట్లు ఉన్నాయని మొదటి సెమిస్టర్‌లోనే ఆర్గానిక్ కెమిస్ట్రీ, మల్టీవేరియబుల్ కాల్‌క్యులస్, ప్రోగ్రామింగ్ అన్నీ పెట్టించేస్తారు. మొదటి సెమిస్టర్‌లో పిల్లవాడు చదువుతో పాటు నిద్ర, తిండి, బట్టలు, స్నేహాలు అన్నీ కొత్తగా నేర్చుకుంటుంటాడు. బరువైనవి రెండే ఉంచి, మిగతావి తేలికైనవో ఇష్టమైనవో తీసుకోమని నేను గట్టిగా చెప్తాను. అనుకున్న క్లాసు దొరక్కపోవచ్చు కాబట్టి ఎనిమిది, పది కోర్సుల జాబితా రాసుకుని వెళ్లమనండి. మొదటి వారం, రెండు వారాల్లో కోర్సులు మార్చుకునే యాడ్-డ్రాప్ గడువు ఉంటుంది. ఆలోపు మానేస్తే రికార్డులో కనబడదు, తర్వాత మానేస్తే మధ్యలో వదిలేశాడని "డబ్ల్యూ" పడుతుంది. ఆ తేదీ వాడి ఫోన్ క్యాలెండర్‌లో ఉండాలి. మీ ఫోన్‌లో అక్కర్లేదు.

తల్లిదండ్రుల కార్యక్రమంలో మీరు తప్పక అడిగి తెలుసుకోవాల్సింది హెల్త్ ఇన్సూరెన్స్ గురించి. చాలా కాలేజీలు తమ ఇన్సూరెన్స్ ప్లాన్ ఖర్చు నేరుగా ఫీజు బిల్లులో వేసేస్తాయి. ఏడాదికి 2,000 డాలర్లు దాటే ప్లాన్లు చాలా ఉన్నాయి. మీ ప్లాన్‌లో వాడు ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా ఉండవచ్చు కాబట్టి, కాలేజీ ప్లాన్ అక్కర్లేదని గడువులోపు వేవర్ పెడితే ఆ డబ్బు తీసేస్తారు. గడువు దాటితే తీయడం చాలా కష్టం. అయితే వేవర్ పెట్టేముందు ఒకటి చూడండి. మీది తమ నెట్‌వర్క్ డాక్టర్ల దగ్గరే చూపించుకోవాల్సిన హెచ్ఎంఓ రకం ప్లాన్ అయితే ఆరు గంటల దూరంలో అత్యవసరానికి తప్ప మామూలు జబ్బులకు పనికిరాకపోవచ్చు. కాలేజీ ఊళ్లో నెట్‌వర్క్ డాక్టర్లు ఉన్నారో లేదో ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ ఫోన్ మీ అబ్బాయితో చేయించండి. పక్కన కూర్చోండి, స్పీకర్‌లో పెట్టండి, కానీ మాట్లాడేది వాడే. నలభై నిమిషాలు హోల్డ్‌లో ఉండాల్సి వస్తే ఉండనివ్వండి.

ఇంట్లో నేర్పాల్సినవి పెద్ద విద్యలేమీ కావు. రేపటి నుంచి వాడి బట్టలు వాడే ఉతుక్కోవాలి. రోజూ వేసుకునే మందులుంటే రీఫిల్ వాడే అడగాలి. పొద్దున మీరు లేపకూడదు. ఈ చివరిది విని చాలామంది తల్లులు తేలిగ్గా తీసుకుంటారు, కానీ మొదటి సెమిస్టర్‌లో దెబ్బతిన్న పిల్లలు నాకు తెలిసినవాళ్లలో తెలివి తక్కువై దెబ్బతిన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎనిమిదింటి క్లాసుకి లేవలేక, ఒకటి మానేసి, ఆ సిగ్గుతో రెండోదీ మానేసి, చివరికి పరీక్ష దాకా ఆ గది ముఖం చూడనివాళ్లే ఎక్కువ. జూన్‌లో అలారంతో లేవడం మొదలుపెడితే ఆగస్టుకి అలవాటవుతుంది. ఒకట్రెండు రోజులు నిద్రపోయి వేసవి ఉద్యోగానికో, ఇంకెక్కడికో ఆలస్యమైతే అవనివ్వండి. ఇంట్లో ఉండగా ఆలస్యమవ్వడమే మేలు.

రెండో అలవాటు, కాలేజీ ఈమెయిల్ రోజుకు ఒకసారి చూడడం. ఈ తరం పిల్లలు మెయిల్ తెరవరు. కాలేజీ మాత్రం ముఖ్యమైన ప్రతి మాటా మెయిల్‌లోనే చెప్తుంది. ప్రొఫెసర్‌కి మర్యాదగా నాలుగు లైన్ల మెయిల్ ఎలా రాయాలో ఒకసారి రాయించి చూడండి: పేరు, ఏ క్లాసు, ఏం కావాలి, థాంక్యూ. దాంతోపాటు ఆఫీస్ అవర్స్ అంటే ఏమిటో చెప్పండి. అవి తప్పు చేసినవాళ్లను పిలిచే గంటలని మావాళ్లిద్దరూ మొదట అనుకున్నారు. విద్యార్థులు వచ్చి ప్రశ్నలు అడగడానికే ప్రొఫెసర్ ఆ సమయం కేటాయించుకుంటారు. మీ అబ్బాయిలాంటి నెమ్మదైన పిల్లలకు ఇది వరం. నలభైమంది ముందు చెయ్యెత్తలేనివాడు ఒక్కరి ముందు మాట్లాడగలడు. రెండో వారంలోపు ఒక్క ప్రొఫెసర్ దగ్గరికైనా వెళ్లి పేరు చెప్పి రమ్మనండి.

మీ ఉత్తరంలో లేకపోయినా ఒకటి కలుపుతున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. హైస్కూల్లో పరీక్షకు అదనపు సమయంలాంటి సదుపాయాలు ఉన్న పిల్లలకు అవి కాలేజీకి వాటంతటవే రావు. విద్యార్థే డిజెబిలిటీ సర్వీసెస్ ఆఫీసుకి వెళ్లి, కాగితాలు చూపించి అడగాలి. అది వేసవిలోనే చేయడం మంచిది.

ఇప్పుడు మీ 84 వస్తువుల జాబితా. సగానికి పైగా కొట్టేయండి. డార్మ్ గదిలో వాడి వాటాకి వచ్చేది ఒక మంచం, ఒక బల్ల, ఒక చిన్న అల్మరా. ముందుగా కాలేజీ హౌసింగ్ వాళ్లు ఇచ్చే నిషిద్ధ వస్తువుల జాబితా చదవండి. హాట్ ప్లేట్, టోస్టర్, కొవ్వొత్తులు దాదాపు ఎక్కడా ఒప్పుకోరు. మనం ప్రేమగా సర్దే రైస్ కుక్కర్, ఇన్‌స్టంట్ పాట్ కూడా చాలా డార్మ్‌లలో పనికిరావు. అగరబత్తీలు, నూనె దీపం అసలే కుదరవు. వాడికి దేవుడి పటం కావాలంటే పటం పంపండి, బ్యాటరీ దీపం పెట్టుకుంటాడు. ఇది చాదస్తపు నిబంధన కాదు. పొగ లేస్తే ఒక్క గది అలారం మోగదు, భవనమంతా ఖాళీ చేయాలి. మా చిన్నమ్మాయి డార్మ్‌లో ఎవరో మైక్రోవేవ్‌లో పాప్‌కార్న్ మాడ్చేస్తే, అర్ధరాత్రి మంచులో వందలమంది పైజామాల్లో నిలబడ్డారు. అప్పటి నుంచి అది దుప్పటి పక్కనే కోటు పెట్టుకుని పడుకునేది.

కొనాల్సినవాటిలో దుప్పట్ల కొలత చూసుకోండి. చాలా డార్మ్ మంచాలు ట్విన్ ఎక్స్ఎల్. మామూలు ట్విన్ పొడవు 75 అంగుళాలు, ఇది 80. ఇంట్లో ఉన్న ట్విన్ షీటు పట్టుకెళ్తే రాత్రంతా మూలలు ఊడొస్తూనే ఉంటాయి. పరుపు మీదికి ఒక ప్రొటెక్టర్, ఉమ్మడి బాత్రూంలో వేసుకోవడానికి రబ్బరు చెప్పులు, సబ్బూ షాంపూ మోసుకెళ్లడానికి చిన్న బుట్ట, సర్జ్ ప్రొటెక్టర్, ఏసీ లేని భవనమైతే ఫ్యాన్. మందుల పెట్టె మాత్రం మరవకండి: థర్మామీటర్, జ్వరానికి, కడుపు నొప్పికి, అలర్జీకి మందులు, బ్యాండేజీలు, ఏ మందు ఎప్పుడు ఎంత వేసుకోవాలో తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసిన ఒక చీటీ. చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్ లాంటివి రూమ్మేట్‌తో మాట్లాడుకున్నాకే కొనండి, లేకపోతే ఒకే గదిలో రెండు ఫ్రిజ్‌లు చేరతాయి. పుస్తకాలు మొదటి క్లాసు అయ్యేదాకా కొనొద్దు. జాబితాలో ఉన్న ప్రతి పుస్తకం ప్రొఫెసర్ వాడరు. చాలావరకు అద్దెకో, లైబ్రరీలోనో దొరుకుతాయి.

క్యాంపస్‌లో ఉద్యోగం చేసే ఆలోచన ఉంటే గుర్తింపు పత్రాల ఒరిజినల్స్ కావాలి, ఫొటోకాపీలు ఒప్పుకోరు. అమెరికన్ పాస్‌పోర్ట్ ఉంటే అదొక్కటే సరిపోతుంది. మీ అబ్బాయి ఇంకా హెచ్-4 డిపెండెంట్ వీసాలోనే ఉంటే మాత్రం క్యాంపస్ ఉద్యోగం కూడా చేయకూడదు. తెలియక చేస్తే తర్వాత స్టేటస్‌కే ముప్పు. ఇది వాడికి స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే పక్కనున్న స్నేహితులందరూ చేస్తుంటారు.

రూమ్మేట్ గురించి మీ భయం నాకు అర్థమవుతుంది. ముక్కూ మొహం తెలియని అబ్బాయే. కానీ ఆ పిల్లవాడి తల్లికి మీ అబ్బాయీ అంతే. ఆ అబ్బాయి గురించి ఇంటర్నెట్‌లో వెతక్కండి. మన తెలుగు పిల్లవాడిని వేయమని హౌసింగ్‌కి మెయిల్ పెట్టకండి. గదులు కేటాయించగానే ఇద్దరూ మెసేజ్ చేసుకుంటారు, అంతవరకు చాలు. వెళ్లిన మొదటి వారాల్లో ఆర్ఏ, అంటే ఆ అంతస్తు చూసుకునే సీనియర్ విద్యార్థి, ఇద్దరినీ కూర్చోబెట్టి రూమ్మేట్ అగ్రిమెంట్ రాయిస్తారు. చాలామంది పిల్లలు మొహమాటానికి "నాకేదైనా పర్లేదు" అని అన్నిటికీ టిక్ పెట్టి వచ్చేస్తారు. నవంబరు గొడవలన్నీ ఆ మొహమాటం నుంచే పుడతాయి. ఎన్నింటికి లైటు ఆపాలి, అలారం ఎన్నిసార్లు మోగవచ్చు, రాత్రి అతిథులు ఉండవచ్చా, ఫ్రిజ్‌లో మాంసం ఏ అరలో పెట్టాలి. ఇవి నిజంగా తనకెలా కావాలో ముందే ఆలోచించుకుని వెళ్లమనండి. మీవాడు శాకాహారి కాబట్టి ఆ ఫ్రిజ్ మాట మొదటిరోజే చెప్పుకోవడం సులువు, మూడు నెలల తర్వాత చెప్పడం కష్టం. రూమ్మేట్ ప్రాణస్నేహితుడు కానక్కర్లేదు. మర్యాదగా ఒక గది పంచుకుంటే సరిపోతుంది. నిజంగా పొసగకపోతే ముందు ఆ అబ్బాయితోనే మాట్లాడాలి, తర్వాత ఆర్ఏతో. మీరు ఫోన్ చేయడం అన్నిటికన్నా చివర.

తిండికి అంత బెంగ వద్దు. ఇప్పుడు శాకాహారం దొరకని డైనింగ్ హాల్ అరుదు. దొరికినా రోజూ అదే పాస్తా, అదే సలాడ్ అన్నది నిజమే. డైనింగ్ వాళ్ల దగ్గర డైటీషియన్ ఉంటే మొదటి వారమే వెళ్లి కలవమనండి, అడిగినవాళ్లకు చేసిపెడతారు. మీల్ ప్లాన్ ఎక్కువైందో తక్కువైందో మూడు వారాల్లో తెలిసిపోతుంది, మార్చుకునే గడువు ఎప్పుడో కనుక్కోమనండి. కందిపొడి, ఆవకాయ పంపండి, ఎందుకు పంపొద్దు! చిన్న సీసాల్లో, నూనె కారకుండా కవర్లో చుట్టి పంపండి. మైక్రోవేవ్‌లో వేడిచేసుకునే అన్నం ప్యాకెట్లు నాలుగు పెడితే మనసు బాగాలేని రాత్రి కలుపుకుని తింటాడు. కానీ రోజూ గదిలో తినేంత పంపకండి. డైనింగ్ హాల్లో బల్ల దగ్గరే స్నేహాలు మొదలవుతాయి.

నలుగురిలో కలవడన్నారు. మొదటి ఆరు వారాలు ముఖ్యం, అప్పుడు అందరూ కొత్తవాళ్లే. గది తలుపు తీసిపెట్టి కూర్చోవడం, ఎవరైనా తినడానికి పిలిస్తే ఆకలి లేకపోయినా వెళ్లడం, క్లబ్బుల మేళాలో రెండిట్లో పేరివ్వడం చాలు. ఒకటి భారతీయ విద్యార్థులదైనా, రెండోది ఇంకేదైనా అయితే మంచిది. మూడో వారం దగ్గర్లో ఇంటి బెంగ ముంచుకొస్తుంది. కొత్త ఊపు తగ్గి, మొదటి పరీక్షలు దగ్గరపడే సమయం అది. ఫోన్‌లో ఏడిస్తే వినండి. వెంటనే కారెక్కకండి. వారం వారం ఇంటికి తీసుకొచ్చేస్తే అక్కడ శనివారాలు వాడు లేకుండానే గడిచిపోతాయి, స్నేహాలు వాడు లేకుండానే కుదురుకుంటాయి. వారానికి ఒక్క పెద్ద ఫోన్ కాల్, మధ్యలో చిన్న మెసేజీలు అని ముందే అనుకోండి. మెసేజ్‌కి జవాబు రాకపోతే గంటలో పదిసార్లు చేయొద్దు.

అయితే మామూలు బెంగకు, ప్రమాదానికి తేడా ఉంది. రోజుల తరబడి క్లాసులకు వెళ్లకపోవడం, తినకపోవడం, నిద్రపోకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, బతకాలని లేదన్న అర్థం వచ్చే మాట ఒక్కటైనా అనడం. ఇలా ఉంటే అప్పుడు వెంటనే కదలండి. క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కీ, డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసుకీ మీరే ఫోన్ చేయవచ్చు. వాళ్లు మీకు సమాచారం చెప్పలేకపోయినా, మీరు చెప్పింది వింటారు. రాత్రివేళైతే క్యాంపస్ పోలీసుల్ని వెళ్లి చూసి రమ్మని అడగవచ్చు. ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభం ఉన్నవాళ్లకు సహాయం చేసే 988 నంబరుకి 2022 జూలై నుంచి దేశంలో ఎక్కడి నుంచైనా, ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు. ఆ నంబరు ఇప్పుడే వాడి ఫోన్‌లో పెట్టించండి. వాడికి అవసరం రాకపోవచ్చు. స్నేహితుడికి రావచ్చు.

మన ఇళ్లలో మాట్లాడని మాట ఇంకొకటుంది. తాగుడు. ఈ దేశంలో ఇరవై ఒకటి నిండేదాకా నేరమే, అయినా మొదటి వారాంతమే ఎవరో గ్లాసు చేతిలో పెడతారు. "మావాడు అలాంటివాడు కాదు" అనుకుని మౌనంగా ఉండకండి. వాడు తాగకపోయినా, తాగి పడిపోయిన స్నేహితుడి పక్కన వాడే ఉండవచ్చు. అలాంటప్పుడు భయపడి దాచకుండా 911కి ఫోన్ చేయమని, ఒంటరిగా వదిలి రావద్దని, పక్కకు తిప్పి పడుకోబెట్టమని చెప్పండి. సహాయం కోసం ఫోన్ చేసినవాళ్లకు శిక్ష నుంచి రక్షణ ఇచ్చే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి, కాలేజీలకూ అలాంటి నియమాలున్నాయి. చదువుకోడానికి పనికొస్తుందని స్నేహితులిచ్చే మాత్ర ఏదీ మింగొద్దనండి. నకిలీ మాత్రల్లో ఫెంటనిల్ అనే చాలా ప్రమాదకరమైన మత్తుమందు కలుస్తోంది, ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు. దానికి విరుగుడైన నలాక్సోన్ స్ప్రే 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరుకుతోంది, మందుల పెట్టెలో ఒకటి పెట్టండి. ఇవన్నీ చెప్తూ చివర ఒక్క మాట చేర్చండి: "ఏ రాత్రి, ఎలాంటి పరిస్థితిలో ఫోన్ చేసినా ముందు వస్తాం, తర్వాతే ఏదైనా మాట్లాడతాం." అని, ఆ మాట మీద నిలబడండి.

దింపే రోజు ఇచ్చిన టైముకి వెళ్లండి. గదిలోకి అడుగుపెట్టగానే సామాను దించకముందే గోడలు, పరుపు, బల్ల, కిటికీ ఫొటోలు తీసుకోమనండి, గది పరిస్థితి ఫారంలో గీతలూ మరకలూ రాయమనండి. ఏడాది చివర వాటికి డబ్బులు కట్టమంటే అవే సాక్ష్యం. పక్క మీరు వేయకండి. చేతులు ఊరుకోవని తెలుసు, నావీ ఊరుకోలేదు. బట్టలు ఎక్కడ సర్దుకోవాలో వాడినే తేల్చుకోనివ్వండి. సాయంత్రం ఫ్లోర్ మీటింగ్ ఉంటుంది. అది మొదలయ్యేలోపే బయలుదేరండి, పిల్లలందరూ కలిసి వెళ్లేటప్పుడు వాడు మీకు టాటా చెప్తూ వెనకబడకూడదు. కారు దగ్గరే వీడ్కోలు తీసుకోండి. ఏదో మరిచిపోయామని మళ్లీ పైకి వెళ్లకండి. మరిచిపోయింది పోస్టులో పంపవచ్చు.

థాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం. ఆ సెలవులకూ, డిసెంబరు సెలవులకూ చాలా డార్మ్‌లు మూసేస్తారు, ఏ రోజు ఎన్నింటికి ఖాళీ చేయాలో హౌసింగ్ వాళ్లు రాస్తారు. ఇంటికి ఎలా వస్తాడో, బస్సా, మీవైపు వచ్చే ఎవరి కారైనానా అన్నది సెప్టెంబరులోనే వాడే చూసుకుని మీకు చెప్పాలి. మీరు తేదీ మాత్రం అడగండి.

ఇక మీ నిద్ర గురించి. ఈ పనులు ఒక్కొక్కటీ వాడు చేయడం కళ్లారా చూస్తే మీకు కాస్త నిద్ర పడుతుంది. నాకు రెండోసారి అలాగే పట్టింది. ఈ జవాబు మీ అబ్బాయికి చదవమని ఇవ్వండి. ఇంకేమైనా అడగాలనిపిస్తే ఈసారి ఉత్తరం వాడినే రాయమనండి.